ఇనుమును కోయు పట్టీరంపము

బేతంచెర్లలో రంపమనగానే ఎవరికైనను బండలను కోయు రంపమే తలపునకు వచ్చును. నాపరాతిని పలకలుగా కోసి నునుపు చేయు ఫ్యాక్టరీల చప్పుడు చెవిని బడని రైతు ఈ చుట్టుపట్ల నుండడు. మేమిప్పుడు చెప్పబోవునది ఆ రంపమును గురించి గాదు. ఇనుమును కోయు పట్టీరంపమును గురించి. వెల్డింగు షాపులవారు దీనిని బ్యాండుసా యందురు. బోరునకు దించు ఇనుప పైపులు, గొర్రునకు కావలసిన కమ్మీలు, గుంటక చట్రము, ట్రాక్టరు ట్రాలీకి వేయు చానలు, పశువుల పాకకు నిలుపు యాంగిళ్లు, వీనిలో నేదో యొకటి కోయింపనిదే సేద్యగానికి సంవత్సరము గడువదు. సంఘము తరఫున మరమ్మతు షెడ్డు పెట్టి ఇట్టి యంత్రమును కొనవచ్చునా యని సభ్యులు కొందరు మమ్మడిగిరి. కొనవచ్చును. అయితే దానిని నడుపువారికి ముందుగా కొన్ని సంగతులు తెలిసియుండవలెను.

తాతలనాడు కమ్మరి ఇనుమును కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి ఉలితో నఱికెడివాడు. తరువాత చేతిరంపము వచ్చెను. ఇప్పుడు పెక్కుచోట్ల రాపిడిచక్రపు కటింగు మిషనుతో కోయుచున్నారు. అది త్వరగా కోయును గాని నిప్పురవ్వలను దూరముగా చిమ్మును. ఎండకాలమున గడ్డివాముల నడుమ, వేరుశనగ కట్టె ప్రక్కన దానిని నడుపుట ఎంత సాహసమో రైతునకు మేము చెప్పనక్కరలేదు. పట్టీరంపము నెమ్మదిగా కోయును. రవ్వలు దాదాపుగా లేవు. కోతలో పొడియై పోవు ఇనుము కూడ తక్కువ.

ఈ రంపము రెండు చక్రములపై తిరుగు అంతులేని ఉక్కుపట్టీ. దానికి ఒక అంచున పండ్లుండును. ఇంగ్లండులో విలియం న్యూబెరీ యనునతడు 1809లోనే దీనికి పేటెంటు పొందెను గాని, పట్టీ చక్రములమీద వంగి వంగి అతుకు దగ్గర తెగిపోవుచుండుటచే చాలకాలము అది పనికిరాకపోయెను. 1846లో ఆన్ పాలిన్ క్రెపిన్ అను ఫ్రెంచి వనిత అతుకు వేయుటకు మంచి పద్ధతిని కనిపెట్టిన పిమ్మటనే అది వాడుకలోనికి వచ్చెను. నేటికిని పట్టీ తెగుట సాధారణముగా అతుకు వద్దనే. కావున ప్రతిదినము పని మొదలుపెట్టుటకు ముందు, కరెంటు తీసివేసి, అతుకును కంటితో చూడవలెను. సన్నని వెండ్రుకవంటి పగులు కనబడినను ఆ పట్టీని తీసివేయవలసినదే. ఇంకొక కోత వచ్చునులే యని ఆశపడరాదు.

పట్టీని ఎన్నుకొనుటలో ముఖ్యమైన సూత్రమొకటి కలదు. కోయబడు లోహపు మందములో ఎల్లప్పుడును మూడు పండ్లకు తక్కువ గాకుండ ఉండవలెను. మందము 6 మిల్లీమీటర్లయినచో అంగుళమునకు 14 పండ్లుగల పట్టీ తగును. ముతకపండ్ల పట్టీతో పలుచని పైపును కోసినచో పన్ను పైపు అంచునకు తగులుకొని ఊడును. ఒక పన్ను ఊడిన వెనుక దాని వెనుకటి పండ్లును వరుసగా పోవును. ఇందుకు మారుగా 50 మిల్లీమీటర్ల గట్టికమ్మీని సన్నపండ్లతో కోయబూనినచో పండ్ల సందులు పొట్టుతో నిండి పట్టీ జారునే గాని కోయదు. దానికి అంగుళమునకు 6 పండ్లు చాలును. కాబట్టి ఒక్క పట్టీతో అన్ని పనులును జరుగునని కొట్టువాడు చెప్పిన నమ్మరాదు.

క్రొత్త పట్టీ చుట్టచుట్టి వచ్చును. కట్టు విప్పగానే అది పాము పడగ విప్పినట్లు ఎగసి విచ్చుకొనును. చేతికి తోలుతొడుగు వేసికొని, మొగము ప్రక్కకు త్రిప్పి, చాచిన చేతులతో విప్పవలెను. యంత్రమునకు తొడిగినప్పుడు పండ్ల మొనలు పట్టీ నడచు దిక్కునకు చూడవలెను. ఎదురుదిక్కునకు ఉన్నచో పట్టీని లోపలివైపు వెలుపలికి వచ్చునట్లు తిరుగవేయవలెను. చక్రములపై ఎక్కించిన తరువాత బిగువు చేసి, మొదట చేతితోనే చక్రమును రెండు మూడు చుట్లు త్రిప్పి చూడవలెను. బిగువు తక్కువైన కోత వంకరపోవును; ఎక్కువైన అతుకు తెగును, చక్రపు బేరింగులు చెడును. యంత్రముతో వచ్చు పుస్తకములోని కొలతయే ప్రమాణము.

కోయవలసిన ఇనుమును వైసులో కదలకుండ బిగించుటయే సగము పని. చేతితో పట్టుకొని కోయుట ఎన్నడును తగదు. పొట్టిముక్కను వైసు ఒక చివర బిగించునప్పుడు రెండవ చివర అంతే వెడల్పుగల ఇంకొక ముక్కను పెట్టనిచో దవడ వాలి పని జారిపోవును. యాంగిలును కప్పు వాలువలె మూల పైకి వచ్చునట్లు నిలిపినచో రెండు రెక్కలును సమముగా తెగును. బోరు పైపువంటి పొడుగైనదానికి వెలుపలి చివర ఆనిక పెట్టవలెను. ఆనికకు బదులు మనిషిని నిలువబెట్టుట మనవారికి అలవాటు. తెగిన క్షణమున బరువంతయు అతని పాదముమీద పడును.

రంపము తిరుగుట మొదలిడిన తరువాతనే పండ్లను మెల్లగా ఇనుముమీదికి దింపవలెను, ముందుగా ఆనించి మీట వేయరాదు. పట్టీకి రెండు ప్రక్కల నుండు గైడులను పనికి వీలయినంత దగ్గరగా జరుపవలెను. క్రొత్త పట్టీతో మొదటి కొన్ని కోతలను సగము ఒత్తిడితోనే కోయవలెను. పాతపట్టీ తెగినచో దాని గాడిలో క్రొత్తదానిని దింపక, పనిని త్రిప్పి వేరొకచోట మొదలిడవలెను. రంపమునకు ఆకలి ఎంత యున్నదో పొట్టు చెప్పును. పొట్టు సన్ననిచుట్టలుగా, వెండివలె తెల్లగా రాలుచున్న సరిగా నడుచుచున్నట్లు. పొడివలె రాలిన ఒత్తిడి చాలలేదు. దళసరిగా, నీలివన్నెగా రాలిన ఒత్తిడియో వేగమో మితిమీరినది. నూనెనీరు లేకుండ మెత్తని ఇనుమును కోయునప్పుడు పట్టీవేగము నిమిషమునకు 30 నుండి 40 మీటర్లు చాలును. స్టెయిన్‌లెస్ స్టీలునకు అంతకంటె తక్కువ. పోతయినుమును పొడిగానే కోయవలెను. కటింగు ఆయిలు కలుపునప్పుడు నీళ్లలో నూనె పోయవలెను గాని నూనెలో నీళ్లు పోయరాదు. పోసిన అది విరిగిపోవును.

ఇక ముఖ్యమైన విషయము. కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక మరమ్మతు షెడ్డులో ఉంటిమి. పైపు సగము తెగియుండగా గాలివాన వచ్చి కరెంటు పోయెను. పట్టీ కోతలో ఇరుకుకొని యుండెను. ఒక యువకుడు మూత తెఱచి, చక్రమును చేతితో వెనుకకు త్రిప్పుచుండెను. మేము ప్రక్కనే నిలిచి వాన మాటలాడుచుంటిమి. మీట వేసినది వేసినట్లే యున్నదని అతడును చూడలేదు, మేమును చూడలేదు. కరెంటు వచ్చెను. అతని కుడిచేతి రెండు వ్రేళ్లు పోయినవి. అతడిప్పటికిని సేద్యము చేయుచున్నాడు. విత్తునప్పుడు జడ్డిగములో గింజలు వదలుటకు మాత్రము ఎడమచేతిని అలవాటు చేసికొనెను. ఆ సాళ్లు ఒత్తుగా కొంత, పలుచగా కొంత మొలచును. ఆ చేను చూచినప్పుడెల్ల మాకు ఆ మీట జ్ఞాపకము వచ్చును.

మన రైతులకు బోరుమోటార్లకు ఆటోస్టార్టరు పెట్టుకొను అలవాటు కలదు. కరెంటు ఏ వేళ వచ్చినను మోటారు తనంతట తిరుగవలెనని వారి కోరిక. బోరు దగ్గర దాని న్యాయము దానికుండవచ్చును గాని, రంపమునకు అట్టి ఏర్పాటు మృత్యువును వాకిట కట్టుకొనుటయే. రంపమునకు పెట్టవలసినది కరెంటు పోగానే తనంతట విడిపోయి, మరల మనిషి నొక్కనిదే తిరుగని స్టార్టరు. షెడ్డులో ఏది మిగిల్చినను దీనిని మిగుల్పరాదు. అది యున్నను సరే, మూత తెఱచుటకు ముందు మెయిను ఆపి, ఫ్యూజులు పెఱికి, యంత్రము ముట్టువాడు తన జేబులోనే వేసికొనవలెను. ఎర్తు తీగె గట్టిగా నుండవలెను.

తిరుగు భాగములకు గట్టి కంచె ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షనులో విధించెను. ఆ చట్టము కరెంటుతో నడచుచోట్ల పదిమంది పనివారున్నప్పుడే వర్తించెడిది. చిన్నషెడ్డులవారు మాకు తగులదని మూతలు తీసి మూలను పడవేసెడివారు. రంపము పనివారి సంఖ్యను లెక్కపెట్టదు. పట్టీలో కోతకు కావలసినంత మాత్రమే బయట కనబడవలెను. లుంగీ, భుజముమీది తువ్వాలు, వదులుచొక్కా చేతులు, చేతి కడియము, ఇవన్నియు వాకిటనే వదలవలెను. పట్టీ మార్చునప్పుడు చేతితొడుగు ఎంత అవసరమో, అది తిరుగునప్పుడు అంత కీడు. పన్ను గుడ్డను పట్టుకొని చేతినే లాగును. కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. కంటిలో ఇనుపపొట్టు పడిన నలుపక, కొంగుతో తీయక, వైద్యుని యొద్దకు పోవలెను.

మూతబిగించిన డ్రమ్ములను కోసి తొట్లు చేయించుకొనుటకు కొందరు తెత్తురు. పెట్రోలు, డీజిలు ఉండిన డ్రమ్ములో ఖాళీ యనిపించినను ఆవిరి మిగిలియుండును, కోతవేడిమికి పేలవచ్చును. పురుగుమందు డబ్బాల మాట చెప్పనే వలదు. అట్టివానిని షెడ్డువారు త్రిప్పి పంపివేయవలెను, తెచ్చినవాడు ఎంతటి వాడైనను సరే.

ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన బెడద యొకటి కలదు. బండల ఫ్యాక్టరీల దాపున షెడ్డు వేసిన యెడల నాపరాతి పొడి గాలితో వచ్చి నూనెతో కలిసి మట్టిముద్దయై గైడు బేరింగులలో పేరుకొనును. పట్టీ వంకరపోవుటకు పండ్లు అరిగినవని తలచి క్రొత్త పట్టీ కొనువారిని మేమెరుగుదుము. గైడులు తుడిచినచో సరిపోయెడిది. గాలివాలునకు ఎదురుగా షెడ్డు వేయరాదు. పనిలేనప్పుడు యంత్రముమీద గోనెపట్టా కప్పవలెను. పట్టీని రాచి పొట్టుదులుపు తీగెబ్రష్షు అరిగినదేమో చూచుచుండవలెను. సాయంకాలము పని ముగియగానే పట్టీ బిగువు వదలవలెను. రాత్రియంతయు బిగువుననున్న పట్టీయు, చక్రపు రబ్బరున్నచో అదియు త్వరగా చెడును. వైసు వరుసను వారమునకొకసారి మూలమట్టముతో సరిచూడవలెను.

సంఘము యంత్రము కొనినచో నడుపుటకు ఒక్కనిని, అతడు లేనప్పటికి ఇంకొకనిని నేర్పి నియమింపవలెను. ఏ పట్టీ ఏ తేదీన ఎక్కించినది, ఎందుకు దింపినది ఒక నోటుపుస్తకములో వ్రాయింపవలెను. బాడుగ వసూలుచేయు గుమాస్తా, తొందరపడు సభ్యుడు, సంఘాధ్యక్షుడు, ఎవరైనను సరే, ఫ్యూజులు ఆ నియమింపబడినవాని జేబులో నున్నంతసేపు యంత్రముజోలికి పోరాదు.