కీళ్లవాతానికి కొత్త కళ్లెం

పొద్దున్నే నిద్ర లేస్తారు. పిడికిలి బిగిద్దామంటే వేళ్లు ముడుచుకోవు. కుళాయి తిప్పాలన్నా, జడ వేసుకోవాలన్నా, చీర కుచ్చిళ్లు పెట్టుకోవాలన్నా కష్టమే. గంట గడిస్తే గానీ చేతులు మాట వినవు. ‘పని ఎక్కువైంది, అంతే’ అనుకొని ఓ నొప్పి మాత్ర వేసుకుంటారు. అలా నెలలు గడిచిపోతాయి. మీకో, మీ ఇంట్లో ఎవరికో ఇలాగే ఉంటే ఇక ఆలస్యం చేయకండి. ఇది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ కావొచ్చు. ‘కీళ్లవాతం వస్తే చేతులు వంకర్లు పోవాల్సిందే’ అనే రోజులు పోయాయి. తొలిదశలోనే సరైన మందులు మొదలెడితే చాలామందిలో కీళ్లు దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు.

నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

కాదు. వయసుతో పాటు మోకాళ్లు అరగటం వేరు, ఇది వేరు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే గాడి తప్పి, కీళ్ల లోపలి పొర మీద దాడి చేయటం దీనికి మూలం. ఆ పొర ఉబ్బి, క్రమంగా మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. వేళ్ల కణుపులు, మణికట్లు, పాదాల్లోని చిన్న కీళ్లు చాలావరకు రెండు వైపులా వాస్తాయి. మగవారి కన్నా ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. కొందరిలో ఊపిరితిత్తులు, కళ్లు, గుండె కూడా ప్రభావితమవుతాయి.

నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయే తప్ప ఎముక దెబ్బతినటాన్ని ఆపలేవు. బాధ తెలియకపోవటంతో జబ్బు పోయిందని మనం మోసపోతుంటాం. వాపు ఆరు వారాలు దాటినా తగ్గకపోతే రుమటాలజిస్టును కలవాలి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షలు నిర్ధారణకు తోడ్పడతాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని ధీమా పడొద్దు.

పునాది మందు ఇప్పటికీ అదే

1948లో అమెరికాలో తొలిసారి కార్టిజోన్ ఇచ్చినప్పుడు, కదల్లేని రోగులు లేచి నడిచారు. కానీ స్టిరాయిడ్లను దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారటం, మధుమేహం వంటి చిక్కులు తప్పవని త్వరలోనే తేలింది. ఇప్పుడు వీటిని అసలు మందు పని మొదలెట్టే వరకు, తక్కువ మోతాదులో, కొద్దికాలమే ఇస్తున్నారు.

ఆ అసలు మందు చాలామందిలో మెథోట్రెక్సేట్. దీన్ని వేసుకోవాల్సింది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాల మీదికి రావొచ్చు. కాబట్టి ఏదో ఒక వారం ఖాయం చేసుకొని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. దీంతో పాటు డాక్టర్ చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. గుణం కనిపించటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. అవసరాన్ని బట్టి సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, లెఫ్లునమైడ్ కూడా ఇస్తారు.

ఆ తర్వాతి మెట్లు

వీటితో జబ్బు లొంగకపోతే బయాలజిక్ ఇంజెక్షన్లున్నాయి. ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటివి వాపును ఎగదోసే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి. రిటుక్సిమాబ్ బి కణాల మీద, టోసిలిజుమాబ్ ఐఎల్-6 మార్గం మీద పనిచేస్తాయి. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి ప్రయత్నించొచ్చు. వీటి ధర ఒకప్పుడు మధ్యతరగతికి అందనిది. 2014లో అడాలిముమాబ్‌కు బయోసిమిలర్ మన దేశంలోనే వచ్చింది. ఇలాంటి వాటితో ఖర్చు కొంత దిగివచ్చింది.

ఇంజెక్షన్ కాకుండా మాత్రల రూపంలో వచ్చినవి జాక్ ఇన్‌హిబిటర్లు. ఇవి కణం లోపలే వాపు సంకేతాలను ఆపుతాయి. వీటిలో టోఫాసిటినిబ్‌ను రుమటాయిడ్‌కు అమెరికా 2012లో అనుమతించింది. ఇప్పుడు మన దగ్గర జనరిక్ రూపంలోనూ దొరుకుతోంది. అలాగని మందుల దుకాణంలో అడిగి కొనుక్కునేది కాదు. గుండెపోటు, రక్తం గడ్డలు, క్యాన్సర్ ముప్పుల గురించి 2021లో హెచ్చరికలు వెలువడ్డాయి. పెద్ద వయసువారు, పొగ తాగేవారు, గుండె జబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మన దగ్గర టీబీ ఎక్కువ. బయాలజిక్స్, జాక్ మాత్రలు మొదలెట్టే ముందు ఒంట్లో నిద్రాణంగా టీబీ ఉందేమో తప్పక చూడాలి. హెపటైటిస్ బి, సి పరీక్షలూ అవసరమే.

గురి పెట్టి వైద్యం

మందులతో పాటు వాటిని వాడే తీరూ మారింది. ‘కాస్త తగ్గింది, చాలు’ అనుకోకుండా వాపు దాదాపు పూర్తిగా సద్దుమణగాలని ముందే లక్ష్యం పెట్టుకుంటున్నారు. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు ఒకటి నుంచి మూడు నెలలకోసారి పరీక్షిస్తారు. మూడు నెలలకూ మెరుగుదల లేకున్నా, ఆరు నెలలకు లక్ష్యం చేరకున్నా చికిత్స మారుస్తారు. అందుకే బాగున్నామనిపించినా పరీక్షకు వెళ్లటం మానొద్దు.

ఇవి మరవొద్దు

* తగ్గిందని మందులు సొంతంగా మానేయొద్దు. జబ్బు తిరగబెట్టొచ్చు. దీర్ఘకాలం వాడిన స్టిరాయిడ్లను ఉన్నట్టుండి ఆపటం ప్రమాదకరం.
* మెథోట్రెక్సేట్ వాడేవారు రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. మద్యం జోలికి పోవద్దు.
* గర్భం ధరించాలనుకుంటే ముందే డాక్టర్‌కు చెప్పండి. మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ బిడ్డకు హాని చేస్తాయి. మార్చుకోవటానికి వేరే మందులున్నాయి.
* బయాలజిక్స్, జాక్ మాత్రలు వాడుతుండగా జ్వరం, విడవని దగ్గు వస్తే వెంటనే చూపించుకోండి.
* పేరూ ఊరూ లేని పొడులు, మాత్రలు వద్దు. ఒక్క రోజులో నొప్పి మాయమైందంటే అందులో స్టిరాయిడ్ కలిసి ఉండొచ్చు.
* పొగ మానేయండి. పొగ జబ్బును పెంచుతుంది, మందుల ప్రభావాన్ని తగ్గిస్తుంది.

ఒకసారి వంకర పోయిన వేలిని ఏ మందూ తిరిగి నిటారుగా చేయలేదు. పోకుండా ఆపగలిగేది మాత్రం తొలి నెలల్లో మొదలెట్టిన చికిత్సే. రేపు పొద్దున మీ వేళ్లు బిగుసుకుపోతే, అరగంట దాటినా సడలకపోతే, మాత్ర కోసం వెతికే ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.