సుదూర యాత్రకు సుస్థిరాసనం

ఆసనమన్నది ఎలా ఉండాలి? ఈ ప్రశ్నకు పతంజలి మహర్షి యోగసూత్రాలలో రెండే గుణాలు చెప్పి ఊరుకున్నాడు. అది స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. ధ్యానానికి కూర్చునే సాధకుణ్ణి ఉద్దేశించి చెప్పిన మాట అది. అయినా గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవలసిన అగత్యం ఈ రోజులలో సాధకుని కంటే మోటారు సైకిలు మీద దూరప్రయాణం చేసేవారికే ఎక్కువగా కలుగుతున్నది. కనుక ఆ రెండు గుణాలనే కొలబద్దగా చేసుకుని, దూరయాత్రకు తగిన వాహనాన్ని ఎలా ఎంచుకోవాలో విచారిద్దాం.

ఇది ఆలయానికి సంబంధించిన ముచ్చటేనా అని పాఠకులకు సందేహం రావచ్చు. దసరా నాడే కాదు, ఏ శుక్రవారమైనా కొత్త బండ్లు పూజకు వస్తూనే ఉంటాయి. పసుపు కుంకుమలు అద్ది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీశాక, మొదటి ప్రయాణం ఎక్కడికి నాయనా అని అడిగితే, చాలామంది యువకులు శ్రీశైలమనే చెబుతారు. తిరిగి వచ్చినవారిని దర్శనం ఎలా జరిగిందని అడిగితే ముందుగా వినవచ్చేది స్వామి సంగతి కాదు, నడుము సంగతి. నవ్వుకుని వదిలేయదగిన విషయం కాదిది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలిపింది. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. చేతులు తిమ్మిరెక్కి, నడుము పట్టేసినవాని దృష్టి దారి మీద నిలవదు. అందుచేత బండి సుఖంగా ఉండడమన్నది విలాసం కాదు, ప్రాణరక్షణలో ఒక భాగం.

షోరూములో జరిగే పరీక్ష ఎలా ఉంటుందో అందరికీ తెలిసినదే. బండి స్టాండు మీద ఉంటుంది. కొనదలచినవారు ఎక్కి కూర్చుని, రెండుసార్లు ఊగి, సీటు మెత్తగా ఉందని సంతోషిస్తారు. అక్కడే స్థిరత్వాన్ని విడిచిపెట్టి సుఖాన్ని మాత్రమే చూస్తున్నారన్నమాట. మనం కూర్చున్నప్పుడు శరీర భారమంతా పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకల మీద ఆనుతుంది. సీటులోని స్పాంజి మరీ మెత్తనిదైతే ఆ ఎముకల కింద అణిగిపోతుంది. మొదటి అరగంట దూదిపరుపు మీద కూర్చున్నట్టే ఉంటుంది. రెండవ గంటకు అడుగునున్న గట్టి పలక తగలడం మొదలవుతుంది. కొంచెం బిగువుగా ఉండి, వెనుక భాగం వెడల్పుగా ఉన్న సీటు తొలుత కటువుగా తోచినా, మూడు నాలుగు గంటల తరువాత కూడా అదే తీరుగా ఉంటుంది. మెత్తదనం చూసి కొన్న సీటు మీద మళ్ళీ జెల్ మెత్త కొని పరిచేవారిని చూస్తే, ఆకలికి ఉపవాసం మందు అన్నట్టు ఉంటుంది నాకు.

సీటు కంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. కూర్చునే చోటు, చేతులు పట్టుకునే హ్యాండిలు, పాదాలు ఆనే ఫుట్‌రెస్టు, ఈ మూడూ కలిసి ఒక త్రికోణం. బండి సుఖదుఃఖాలన్నీ ఈ త్రికోణంలోనే ఉన్నాయి. పందెపు బండ్ల పోలికలో తయారైన వాటికి హ్యాండిలు కిందుగా, ఫుట్‌రెస్టులు వెనుకగా ఉంటాయి. నడిపేవాడు ముందుకు వంగవలసి వస్తుంది. భారం మణికట్ల మీద, మెడ మీద పడుతుంది. అలాంటి బండి మీద దూరయాత్ర సలహా ఇవ్వదగినది కాదు. రెండవ రకం క్రూజర్లు. సీటు కిందుగా, కాళ్ళు ముందుకు చాపుకునే విధంగా ఉంటాయి. బజాజ్ అవెంజర్, 2020లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ ఈ కోవకు చెందినవి. పడకకుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది కనుక దూరప్రయాణానికి ఇవే ఉత్తమమని లోకంలో ఒక నమ్మకం బలపడిపోయింది.

ఆ నమ్మకాన్ని నేను పూర్తిగా అంగీకరించలేను. నున్నటి జాతీయ రహదారి మీద ఆ భంగిమ నిజంగానే హాయినిస్తుంది. కానీ మన దారులన్నీ అలాంటివి కావు గదా! రహదారి దిగి పది కిలోమీటర్లు పోయేసరికి గుంతలు, ఊరూరా స్పీడు బ్రేకర్లు. కాళ్ళు ముందుకు చాపి ఉన్నవాడు, గుంత కనిపించినప్పుడు పాదాల మీద బరువు మోపి కాస్త లేవలేడు. కుదుపు నేరుగా వెన్నుపూస చివరకు తగులుతుంది. మూడవ రకమైన మామూలు బండ్ల మీద పాదాలు ఇంచుమించు మోకాళ్ళ కిందుగా ఉంటాయి, వెన్ను నిటారుగా నిలుస్తుంది. కుదుపు వచ్చినప్పుడు పిరుదులు రెండంగుళాలు పైకెత్తితే చాలు, సగం దెబ్బ మోకాళ్ళే మింగుతాయి. పతంజలి చెప్పిన స్థిరత్వం ఈ మూడవ రకంలోనే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. అయితే పొట్టిగా ఉన్నవారికి, మోకాళ్ళు ఎక్కువగా ముడవలేనివారికి క్రూజరే మేలు కావచ్చు. ఎవరి దేహం వారిది.

ఈ దేహభేదం సీటు ఎత్తులో మరీ స్పష్టమవుతుంది. మీటియర్ సీటు నేల నుంచి 765 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. అదే సంస్థ వారి క్లాసిక్ 350కి 805 మిల్లీమీటర్లు. 2023లో వచ్చిన హిమాలయన్ 450కి 825 మిల్లీమీటర్లు. దానిని ఇంకొంచెం పెంచుకునే వీలు కూడా ఉన్నది. బండి ఆపినప్పుడు రెండు పాదాల ముందు భాగమైనా నేలకు గట్టిగా ఆనాలి. ఇక బరువు మాట. హీరో స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు, క్లాసిక్ 350 195 కిలోలు. పరుగులో ఉన్నప్పుడు ఆ బరువు బండికి నిలకడనిస్తుంది, గాలికీ లారీల ఊపుకూ చలించనివ్వదు. క్షేత్రంలో ఏటవాలుగా ఉన్న పార్కింగు స్థలంలో, కంకర మీద, దానిని వెనక్కి నెట్టుకోవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ బరువే పరీక్ష పెడుతుంది. కొనేముందు ఇంజను ఆపి పది అడుగులు వెనక్కి నెట్టి చూడమని నన్ను అడిగినవారికల్లా చెబుతుంటాను.

ఇంజను అదురు సంగతి కూడా చూడాలి. మన దగ్గర తిరిగే బండ్లలో అధికభాగం ఒక్క సిలిండరువే. పిస్టను కిందికీ పైకీ కొట్టుకునేటప్పుడు పుట్టే అదురు హ్యాండిలు ద్వారా అరచేతులకు, ఫుట్‌రెస్టుల ద్వారా అరికాళ్ళకు చేరుతుంది. దీనికి విరుగుడుగా ఇంజనులో బాలన్సర్ షాఫ్టు అనే ఎదురు బరువును తిప్పుతారు. పాత బుల్లెట్టు ఎక్కి దిగినవానికి చేతులు జలదరించడానికీ, నేటి 350 సీసీ ఎన్‌ఫీల్డులు నెమ్మదించడానికీ మధ్య తేడాలో దీని పాత్ర పెద్దది. అలాగని వంద సీసీ బండి దూరానికి పనికిరాదని కాదు. గంటకు యాభై అరవై కిలోమీటర్ల వేగంతో పోయేవానికి అది ఎంత దూరమైనా సేవ చేస్తుంది. ఎనభై దాటించాలని చూస్తే ఇంజను కేకలు వేస్తుంది, అదురు హెచ్చుతుంది, ప్రయాణం శిక్షగా మారుతుంది. మీరు ఏ వేగంతో పోదలచారో ఆ వేగంలో హ్యాండిలు ఎలా ఉన్నదో చూడాలి గానీ, షోరూము ముందు నిలబెట్టి ఇంజను మోగిస్తే తెలిసేది శూన్యం.

ఇప్పుడు అందరూ మరిచిపోయే వ్యక్తి దగ్గరకు వద్దాం. వెనుక కూర్చునే ఇల్లాలు. బండి ఎంపికలో ఆమె మాట అడిగినవారిని నేను చాలా అరుదుగా చూశాను. నేడు అనేక బండ్లకు వెనుక సీటు ముందుదానిలో సగం కూడా ఉండదు, పైగా ముందుకు వాలి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా ఆమె ముందుకు జారుతుంది, ఆ భారం నడిపేవాని వీపు మీద పడుతుంది. అంటే ఆమె అసౌఖ్యం ఇద్దరి అసౌఖ్యం. వెనుకవారికి పట్టుకునేందుకు పిడి, ఫుట్‌రెస్టులు, చీర చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే కవచం ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. అందానికి అడ్డమని ఆ చీర కవచాన్ని ఊడదీయించేవారున్నారు. వారికి నమస్కారం! చీరతో ఒక పక్కకు కూర్చుని ఐదు గంటలు ప్రయాణించడం నడుముకూ మంచిది కాదు, బండి తూకానికీ మంచిది కాదు. యాత్రకు పంజాబీ దుస్తులు ధరించి రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చుని, క్షేత్రంలో స్నానం చేశాక చీర కట్టుకుంటే ఏ ఆచారానికీ లోపం రాదు. శిరస్త్రాణం ఇద్దరికీ ఉండాలి. 2019 సవరణ తరువాత నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ అది చట్టరీత్యా తప్పనిసరి.

ఇద్దరు కూర్చున్నప్పుడు వెనుక షాక్ అబ్జార్బర్ల స్ప్రింగు బిగువు పెంచాలి. చాలా బండ్లకు మెట్లు మెట్లుగా తిప్పే ఏర్పాటు ఉంటుంది. టైర్ల గాలి కూడా ఇద్దరికి ఎంత ఉండాలో పుస్తకంలో రాసి ఉంటుంది. బయలుదేరేముందు, టైర్లు వేడెక్కక మునుపే చూసుకోవాలి. సామానును వీపున సంచిలో మోయరాదు. ఆ బరువు భుజాల నుంచి నడుముకు దిగుతుంది. బండికి రెండు పక్కలా, కిందుగా, సమతూకంగా కట్టుకోవాలి.

హైదరాబాదు నుంచి శ్రీశైలం దారినే ఉదాహరణగా తీసుకుందాం. ఒక వైపు ప్రయాణమే 200 కిలోమీటర్లకు పైబడుతుంది. మొదటి సగం తిన్నని రహదారి. మన్ననూరు దాటితే నల్లమల. అక్కడి నుంచి పులుల అభయారణ్యం గుండా దోమలపెంట దాకా పోయి, మలుపులు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగి, మళ్ళీ ఎక్కాలి. వన్యమృగాల రక్షణ కోసం రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఈ అడవి దారిలో రాకపోకలను ఆపుతారు. గేటు మూసేలోగా దాటాలనే ఆత్రంలో మధ్యాహ్నం బయలుదేరి, ఆగకుండా పరుగెత్తేవారే ఎక్కువగా దెబ్బతింటారు. ఘాటు మలుపుల దగ్గరకు చేరేసరికి దేహం అలసి ఉంటుంది, వెలుతురు తగ్గి ఉంటుంది. తెల్లవారుజామునే బయలుదేరి, గంటకొకసారి పది నిమిషాలు దిగి నడిస్తే, ఓ మోస్తరు బండి కూడా మంచి బండే అవుతుంది. ఆగకుండా పోతే ఎంత మంచి సీటైనా చేయగలిగినది లేదు.

మహాభారతంలో సైంధవ వధ జరిగిన రోజును ఒక్కసారి గుర్తు చేసుకోండి. సూర్యాస్తమయంలోగా వధించకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు శపథం పట్టాడు. అంతటి తొందరలో కూడా, గుర్రాలు అలసి దాహంతో ఉన్నాయని గ్రహించిన కృష్ణుడు యుద్ధభూమి నడుమ రథం ఆపి, వాటిని విప్పాడు. అర్జునుడు బాణాలతో భూమిని భేదించి సరస్సు కల్పించాడు. కృష్ణుడు స్వయంగా గుర్రాలను మాలిసు చేసి, నీళ్ళు తాగించి, తిరిగి పూన్చాడు. ద్రోణపర్వంలోని ఈ ఘట్టం చదివినప్పుడల్లా సారథ్యమంటే ఏమిటో మనసుకు తడుతుంది. మన బండికి దాహం వేయదు, కాళ్ళు పీకవు. అలిసేది దాని మీద కూర్చున్నవాడే.

ఇంత చెప్పినా, కాగితం మీద లెక్కలు చూసి బండి సుఖాన్ని నిర్ణయించడం సాధ్యం కాదు. షోరూము వారిచ్చే రెండు కిలోమీటర్ల పరుగు కూడా చాలదు. హైదరాబాదు వంటి నగరాలలో మోటారు సైకిళ్ళను రోజువారీ అద్దెకు ఇచ్చేవారున్నారు. కొనదలచిన బండినే ఒక ఆదివారం అద్దెకు తీసుకుని, యాత్రకు వెళ్ళేటప్పటి సామాను కట్టుకుని, వెనుక కూర్చోబోయేవారిని కూర్చోబెట్టుకుని, వంద కిలోమీటర్లు పోయి రండి. సాయంత్రం బండి దిగాక, ఎలా ఉందని మొదట ఆమెను అడగండి.