తెరపై బొమ్మ: రూపశుద్ధి, వర్ణశుద్ధి

తెలుగువారి ప్రాచీన ప్రదర్శన కళలలో తోలుబొమ్మలాట ఒకటి. పలుచగా శుభ్రపరచిన తోలుపై రంగులద్దిన బొమ్మను తెల్లని తెరకు ఆనించి, వెనుకనుండి దీపకాంతిని ప్రసరింపజేస్తే, ఎదుట కూర్చున్న ప్రేక్షకులకు ఆ బొమ్మ రంగులతో సహా ప్రకాశిస్తుంది. తెరకు ఆని ఉన్నంతసేపు దాని ఆకారం స్ఫుటంగా ఉంటుంది. దీపం వైపు జరిపితే నీడ పెద్దదై అంచులు చెదిరిపోతాయి. ఒక వైపు వాల్చితే ఆకారమే వికృతమవుతుంది. దీపం, బొమ్మ, తెర అనే ఈ మూడింటి పొందిక చెడితే రాముడు రాముడిలా కనిపించడు.

నేటి తరగతి గదులలో ఉపయోగించే డిజిటల్ ప్రొజెక్టరు కూడా ఈ మూడింటిపైనే ఆధారపడి ఉంది. ఇందులో దీపం ఉంది, తెర ఉంది. తోలుబొమ్మకు బదులు కంప్యూటరు పంపే సంఖ్యల రూపంలోని బొమ్మ ఉంది. మీట నొక్కగానే తెర వెలుగుతుంది కనుక, కంప్యూటరులో ఉన్నది ఉన్నట్లుగానే తెరపైకి వచ్చిందని చాలామంది భావిస్తారు. ఆ భావన అన్నివేళలా నిజం కాదు. యంత్రాన్ని ఉంచిన చోటు, అందులోని అమరికలు, గోడ రంగు, గదిలోని వెలుతురు కలిసి బొమ్మను మార్చివేయగలవు.

ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. భారతదేశం ఉత్తర దక్షిణాలుగా 3214 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 2933 కిలోమీటర్లు విస్తరించి ఉంది. అంటే అడ్డుకొలత కంటే నిలువుకొలత ఎక్కువ. 4:3 నిష్పత్తిలో తయారైన భారతదేశ పటాన్ని 16:9 నిష్పత్తిగల తెర నిండుగా సాగదీస్తే, నిలువుకొలతతో పోల్చినప్పుడు అడ్డుకొలత మూడింట ఒక వంతు పెరుగుతుంది. అప్పుడు మన దేశం నిలువుకంటే అడ్డం ఎక్కువైన దేశంగా కనిపిస్తుంది. ఆ పటాన్ని చూసి నోటుపుస్తకంలో గీసుకున్న విద్యార్థి, తప్పును శ్రద్ధగా నేర్చుకున్నవాడవుతాడు. అందుచేత ప్రొజెక్టరును సరిచేయడం కేవలం కంటికి ఇంపు కలిగించే పని కాదు. అది పాఠంలోని సత్యాన్ని కాపాడే పని.

యంత్రం పనిచేసే తీరు

కాంతి సహాయంతో బొమ్మను గోడపైకి పంపే ప్రయత్నాలు ప్రాచీనమైనవే. కాంతి తరంగ సిద్ధాంతకర్తగా భౌతికశాస్త్ర విద్యార్థులకు పరిచితుడైన డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1659లో దీపం, కటకం, గాజుపై గీసిన బొమ్మలతో ఒక ప్రదర్శక దీపాన్ని రూపొందించాడు. తరువాతి కాలంలో దానికి ‘మాయాదీపం’ అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది.

నేటి ప్రొజెక్టర్లలో ప్రధానంగా రెండు విధానాలున్నాయి. మొదటిది ద్రవస్ఫటిక విధానం. ఇందులో దీపకాంతిని ప్రత్యేకమైన అద్దాలతో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాయలుగా విడదీస్తారు. ఒక్కొక్క పాయ ఒక్కొక్క చిన్న పలకగుండా ప్రయాణించి, చివరకు ఒకటిగా కలిసి కటకంగుండా వెలువడుతుంది. రెండవది సూక్ష్మదర్పణ విధానం. అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ 1987లో దీనికి మూలమైన చిప్‌ను కనుగొన్నాడు. ఆ చిప్‌పై లక్షలాది అతి చిన్న అద్దాలు వరుసలుగా ఉంటాయి. ప్రతి అద్దమూ అటూ ఇటూ వాలుతూ కాంతిని తెరపైకి పంపుతుంది, లేదా పక్కకు మళ్ళిస్తుంది.

ఏ విధానమైనా బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కల కూర్పే. ఈ చుక్కలనే పిక్సెళ్ళు అంటారు. 1024 నిలువు వరుసలు, 768 అడ్డు వరుసలు గల పలకలో 7,86,432 పిక్సెళ్ళు ఉంటాయి. ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను ఒక్కొక్కటి 256 స్థాయిలలో నియంత్రిస్తే 1,67,77,216 వర్ణాలు సాధ్యమవుతాయి. సంఖ్యలలో ఇంత సూక్ష్మత ఉన్నప్పటికీ, ఆ సూక్ష్మత తెరను చేరడం అమరికపైననే ఆధారపడి ఉంటుంది.

రూపాన్ని సరిదిద్దడం

రూపదోషాలలో మొదటిది పైన చెప్పిన సాగుడు. దీనికి నివారణ సులభం. కంప్యూటరు పంపే బొమ్మ నిష్పత్తి, ప్రొజెక్టరు పలక నిష్పత్తి ఒకటిగా ఉండేటట్లు చూడాలి. అవి వేరైతే, తెర అంచులలో నల్లని ఖాళీ మిగిలినా సరే, అసలు నిష్పత్తినే నిలుపుకోవాలి. ఖాళీ కనిపించకూడదన్న కోరికతో బొమ్మను సాగదీస్తే వృత్తం అండాకారమవుతుంది. రేఖాపటంలో 45 డిగ్రీల వాలు గల సరళరేఖ సుమారు 37 డిగ్రీల వాలుకు దిగిపోతుంది.

రెండవ దోషం సమలంబ చతుర్భుజ దోషం. ప్రొజెక్టరును తక్కువ ఎత్తుగల బల్లపై ఉంచి, ముందు భాగాన్ని ఎత్తి పైకి చూపినప్పుడు ఇది ఏర్పడుతుంది. బొమ్మ కింది అంచుకు చేరే కిరణాలకంటే పై అంచుకు చేరే కిరణాలు ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. కటకంనుండి వెలువడే కాంతి పోనుపోను విస్తరిస్తుంది కనుక, ఎక్కువ దూరం పోయిన పై అంచు ఎక్కువ వెడల్పవుతుంది. దీర్ఘచతురస్రంగా ఉండవలసిన బొమ్మ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా మారుతుంది. కమాను శిఖరాన బిగించే రాయి కూడా ఇదే ఆకారంలో ఉంటుంది. ఇంగ్లీషులో ఆ రాయి పేరు కీస్టోన్. ఆ పోలికవల్లనే దీనికి ‘కీస్టోన్ దోషం’ అనే పేరు వచ్చింది. దేశపటంలో ఈ దోషం ఉంటే ఉత్తరాన ఉన్న రాష్ట్రాలు ఉన్నవాటికంటే పెద్దవిగాను, దక్షిణాన ఉన్నవి చిన్నవిగాను కనిపిస్తాయి. యంత్రాన్ని తెరకు ఎదురుగా కాక పక్కన ఉంచితే ఇదే దోషం కుడిఎడమల ఏర్పడుతుంది.

ఈ దోషాన్ని పోగొట్టడానికి రెండు మార్గాలున్నాయి. యంత్రాన్ని సరైన చోట, సమతలంగా, తెరకు లంబంగా నిలపడం మొదటి మార్గం. చాలా ప్రొజెక్టర్లలో కటకం కాంతిని కొంత పైకి పంపేటట్లు అమర్చి ఉంటుంది. అందువల్ల యంత్రాన్ని వాల్చకుండానే బొమ్మను తగిన ఎత్తుకు చేర్చవచ్చు. పైకప్పుకు బిగించేటప్పుడు దానిని తలకిందులుగా అమర్చి, బొమ్మను తిప్పి చూపే ఏర్పాటును ఎంచుకుంటారు.

రెండవ మార్గం యంత్రంలోని కీస్టోన్ సవరణ. ఇది వెడల్పైన అంచును కుదించి బొమ్మను దీర్ఘచతురస్రాకృతికి తెస్తుంది. చూడడానికి సులభమైన ఉపాయమే కాని, దీనికి మూల్యం చెల్లించవలసి ఉంటుంది. పై అంచు వెడల్పును అయిదవ వంతు తగ్గించారనుకుందాం. అప్పుడు 1024 చుక్కలలో సుమారు 820 మాత్రమే ఆ వరుసలో బొమ్మకు ఉపయోగపడతాయి. మిగిలినవి నల్లబడి వృథా అవుతాయి. 1024 చుక్కలలో ఉన్న అక్షరాలు 820 చుక్కలలో ఇరుక్కోవడంతో వాటి అంచులు మసకబారుతాయి. తెలుగు లిపిలోని తలకట్లు, గుడులు, వత్తులు సన్నని గీతలతో కూడినవి. వెనుక బల్లపై కూర్చున్నవారికి ముందుగా కనిపించకుండా పోయేవి అవే. గుడికీ గుడిదీర్ఘానికీ భేదం తెలియకపోతే పదమే మారిపోతుంది. కనుక మొదట యంత్రాన్ని జరిపి చూడాలి. జరపడానికి వీలులేని చోట మాత్రమే కీస్టోన్ సవరణను, అదీ కొద్దిగానే, ఉపయోగించాలి.

ఆకారం కుదిరిన తరువాత బొమ్మ పరిమాణాన్ని, స్పష్టతను సవరించాలి. స్పష్టతను తెర మధ్యభాగంలోనే కాక నాలుగు మూలలలోనూ పరీక్షించాలి. పరిమాణం విషయంలో అత్యాశ పనికిరాదు. 3000 ల్యూమెన్ల కాంతి 2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు గల తెరపై పడితే ప్రతి చదరపు మీటరుకు 1000 ల్యూమెన్లు లభిస్తాయి. తెర వెడల్పును, ఎత్తును రెట్టింపు చేస్తే అది 250కి పడిపోతుంది.

రంగును సరిదిద్దడం

రూపదోషాన్ని కొలబద్దతో కొలవవచ్చు. వర్ణదోషాన్ని పట్టుకోవడం అంతకంటే కష్టం. తెలుపులో కొంచెం పచ్చదనం కలిసినా, కొన్ని నిమిషాలలోనే మన కన్ను దానికి అలవాటుపడి, అదే అసలైన తెలుపు అని అంగీకరిస్తుంది. అందుకే తెర పక్కన ఒక తెల్లకాగితం ఉంచుకుని పోల్చి చూడడం మంచిది.

రంగుల పొరపాటు ఎంత దూరం పోతుందో రసాయనశాస్త్ర విద్యార్థులు సులభంగా గ్రహించగలరు. లవణ విశ్లేషణలో జ్వాలా పరీక్ష చేసినప్పుడు కాల్షియం ఇటుక ఎరుపును, స్ట్రాన్షియం గాఢమైన రక్తవర్ణాన్ని ఇస్తాయి. బేరియం పసుపు కలిసిన ఆకుపచ్చను, రాగి నీలి ఛాయగల ఆకుపచ్చను ఇస్తాయి. ఈ జ్వాలల చిత్రాలను రంగు తప్పిన తెరపై చూపితే రెండు ఎరుపులు ఒకటవుతాయి, రెండు ఆకుపచ్చలు ఒకటవుతాయి. భేదాన్ని నేర్పవలసిన చిత్రమే భేదాన్ని చెరిపివేస్తుంది.

వర్ణశుద్ధికి ఒక క్రమం ఉంది. దీపం వెలిగించిన వెంటనే కాక, కొంతసేపు వెలిగి కాంతి స్థిరపడిన తరువాత పని ప్రారంభించాలి. పాఠం జరిగేటప్పుడు గదిలో ఎంత వెలుతురు ఉంటుందో అంతే ఉంచుకోవాలి. తరువాత చిత్రరీతిని ఎంచుకోవాలి. అత్యధిక ప్రకాశాన్నిచ్చే రీతి ఆకర్షణీయంగా తోస్తుంది. కాని పాదరస దీపాల కాంతిలో ఎరుపు పాలు తక్కువ, ఆకుపచ్చ పాలు ఎక్కువ. ఆ రీతిలో దీపకాంతిని దాదాపు ఉన్నదున్నట్లుగా విడిచిపెట్టడంవల్ల బొమ్మకు పచ్చని ఛాయ వస్తుంది. గదిని చీకటి చేయగలిగితే, ప్రకాశం తక్కువైనా వర్ణాలను సమతూకంలో ఉంచే రీతియే మేలు.

పిమ్మట బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అనే రెండు సవరణలు చేయాలి. పేర్లు ఎలా ఉన్నా, మొదటిది ముఖ్యంగా నలుపును, రెండవది తెలుపును శాసిస్తాయి. నలుపునుండి తెలుపు వరకు మెట్లుమెట్లుగా ఉన్న బూడిదరంగు పట్టీని తెరపై నిలిపి, చివరి రెండు ముదురు మెట్ల మధ్య భేదం కనిపించేవరకు మొదటిదానిని, చివరి రెండు లేత మెట్ల మధ్య భేదం కనిపించేవరకు రెండవదానిని సరిచేయాలి. ఒక విషయం మరువరాదు. ప్రొజెక్టరు వెలుగును మాత్రమే పంపగలదు, చీకటిని పంపలేదు. తెరపై నలుపుగా తోచేది కాంతి పడని గోడ భాగమే. కిటికీనుండి ఎండ పడుతున్న గోడపై నల్లని రంగు పుట్టదు.

చివరి సవరణ వర్ణ ఉష్ణోగ్రత. దీనిని కెల్విన్లలో చెబుతారు. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎర్రగా, వేడి పెరిగినకొద్దీ నారింజ, పసుపు రంగులలో మెరుస్తుంది. ఇంకా వేడెక్కితే తెల్లబడుతుంది. అదే విధంగా తక్కువ కెల్విన్ల తెలుపులో ఎరుపు ఛాయ, ఎక్కువ కెల్విన్ల తెలుపులో నీలి ఛాయ ఉంటాయి. పగటి వెలుతురును పోలిన 6500 కెల్విన్ల తెలుపును ప్రమాణంగా స్వీకరిస్తారు. బూడిదరంగు పట్టీలో ఏ రంగు ఛాయా కనిపించనప్పుడు వర్ణాలు సమతూకంలో ఉన్నట్లు గ్రహించవచ్చు. గోడ లేత ఆకుపచ్చ రంగుదైతే ఎరుపు కాంతిలో కొంత భాగాన్ని అదే పీల్చుకుంటుంది. దానికి యంత్రాన్ని సవరించడంకంటే తెల్లని తెర కట్టడం ఉత్తమం.

ఈ పనులన్నింటికీ పట్టే సమయం పావుగంటకు మించదు. మొదట చోటు, తరువాత నిష్పత్తి, స్పష్టత, ఆ పైన నలుపు తెలుపులు, చివరకు రంగు. ఈ క్రమాన్ని పాటిస్తే చాలు. సవరణ సమయంలో వెలుగుతున్న కటకంలోకి చూడరాదు. గాలి ఆడే రంధ్రాలను మూయరాదు.

తోలుబొమ్మల కళాకారుడు ఆట మొదలుకాకముందే తెరను బిగించి, దీపాన్ని సరిచూసుకుంటాడు. ప్రేక్షకులు ఆ శ్రమను గమనించరు, బొమ్మను మాత్రమే చూస్తారు. తరగతిలోనూ అంతే. యంత్రాన్ని సరిచేసిన చేతులను ఎవరూ చూడరు. కాని చివరి బల్లపై కూర్చున్న విద్యార్థి వృత్తాన్ని వృత్తంగా, ఎరుపును ఎరుపుగా చూడగలిగినప్పుడు ఆ శ్రమ సార్థకమవుతుంది.

ప్రశ్నలు

1. కీస్టోన్ దోషం ఏర్పడే విధానాన్ని, దాని నివారణ మార్గాలను వివరించండి.
2. ‘ప్రొజెక్టరు వెలుగును మాత్రమే పంపగలదు, చీకటిని పంపలేదు’ – ఈ వాక్యాన్ని విశదీకరించండి.
3. బొమ్మ నిష్పత్తి మారితే కలిగే నష్టాన్ని భారతదేశ పటం ఆధారంగా తెలపండి.
4. వర్ణ ఉష్ణోగ్రతను కొలిమిలోని ఇనుముతో పోల్చడంలోని ఔచిత్యం ఏమిటి?