రంగుల హెచ్చరిక

బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదని తెలిసినంతనే విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము రేవులలో అపాయసూచికలను ఎగురవేయుదురు. ఒకటవ సంఖ్య మొదలు పదునొకండవ సంఖ్య వరకు గల యీ సూచికలలో ప్రతిదానికిని నిశ్చితమైన అర్థమొకటి కలదు. పదవ సంఖ్య కనబడినచో జాలరులు కారణమడుగరు. పడవలను ఒడ్డునకు లాగి, వలలను చుట్టి, పిల్లలను వెంటబెట్టుకొని మెరక ప్రదేశమునకు పోవుదురు. గాలి ఏ దిక్కునుండి వచ్చునో, ఏ వేళకు తీరమును దాటునో లెక్కకట్టి చెప్పగల శాస్త్రజ్ఞులున్నారు. గాలికి ఎవరిమీదను పగ లేదు. హెచ్చరికను విని అది తన మార్గమును మార్చుకొనదు.

మనుష్యులు రహస్యముగా పన్నెడి కుట్రల విషయమున ఇట్టి సూచికలను ఎగురవేయవచ్చునా? ఎగురవేసినచో ప్రజలేమి చేయుదురు? ఈ ప్రయత్నము అమెరికా సంయుక్త రాష్ట్రములలో తొమ్మిది సంవత్సరములు సాగినది. దాని చరిత్ర తెలిసికొనదగినది.

2001వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన ఉగ్రవాదులు నాలుగు విమానములను వశపరచుకొనిరి. వానిలో రెండింటితో న్యూయార్కు నగరమునందలి జంట సౌధములను కూల్చివేసిరి; ఒకదానిని వాషింగ్టనుకు చేరువనున్న సైనిక కార్యాలయముపై కొట్టిరి; నాలుగవది పెన్సిల్వేనియాలో ఒక పొలమున కూలెను. ఆ యొక్క దినమున దాదాపు 3,000 మంది మరణించిరి. పిమ్మట కొన్ని నెలలపాటు ప్రభుత్వమువారు పలుమారులు ప్రజలను హెచ్చరించిరి. ఎచ్చట, ఎప్పుడు, ఎట్లు అను ప్రశ్నలకు ఆ మాటలలో జవాబుండెడిది కాదు. పోలీసు అధికారులు సైతము తాము చేయవలసినదేమో తెలియక చికాకుపడిరి.

ఈ గందరగోళమును తొలగించుటకై 2002 మార్చి 12వ తేదీన టామ్ రిడ్జ్ అను అధికారి యొక క్రొత్త పద్ధతిని ప్రకటించెను. ఆయన అంతకుముందు పెన్సిల్వేనియా రాష్ట్రమునకు గవర్నరు. తరువాత, 2003లో, క్రొత్తగా ఏర్పడిన స్వదేశ భద్రతా శాఖకు మొదటి మంత్రి. పద్ధతి చూచుటకు మిక్కిలి సులభముగా నుండెను. అపాయము తక్కువగా నున్నప్పుడు ఆకుపచ్చ, కొంచెము జాగ్రత్త కావలసినప్పుడు నీలము, హెచ్చినప్పుడు పసుపు, అధికమైనప్పుడు నారింజ, దాడి తప్పదని తోచినప్పుడు ఎరుపు. రంగు మారినపుడు ప్రభుత్వ కార్యాలయములు, రేవులు, విమానాశ్రయములు తీసికొనవలసిన చర్యలు ముందే నిర్ణయింపబడినవి. కాపలాదారుల సంఖ్య పెంచుట, వాహనములను సోదాచేయుట, కొన్ని ద్వారములను మూసివేయుట మొదలగునవి అట్టివి.

సామాన్య గృహస్థునకు మాత్రము చెప్పిన దొక్కటియే: అప్రమత్తులై యుండుడు, మీ పనులు మీరు యథాప్రకారము చేసికొనుడు! ఈ రెండు మాటలను ఒకేసారి పాటించుట ఎట్లో ఎవరికిని తెలియలేదు. పసుపురంగు నాడు చేయక నారింజరంగు నాడు చేయవలసిన పని యేది? జాలరికి పదవ సంఖ్య ఆజ్ఞవంటిది. అమెరికా పౌరునకు నారింజరంగు ఒక భావము మాత్రమే. టెలివిజను విదూషకులకు కొంతకాలము ఈ రంగులే హాస్యమునకు ముడిసరకైనవి.

సెప్టెంబరు దాడి జరిగి సంవత్సరము నిండు సందర్భమున, 2002 సెప్టెంబరు 10వ తేదీన, మొదటిసారి నారింజరంగు ప్రకటించిరి. రెండు వారములకు తగ్గించిరి. ప్రజలంతగా చలింపలేదు. అసలైన కలవరము 2003 ఫిబ్రవరిలో కలిగినది.

ఆ నెల 7వ తేదీన రంగు మరల నారింజకు మారెను. ఇరాకుతో యుద్ధము రానున్నదన్న మాట అప్పటికే అందరి నోటను నానుచుండెను. మూడు దినముల తరువాత ప్రభుత్వాధికారులు ప్రతి కుటుంబమును ఇంటిలో నుంచుకొనదగిన వస్తువులను పేర్కొనిరి. మూడు దినములకు సరిపడు ఆహారము, నీరు, బ్యాటరీతో పనిచేయు రేడియో — ఇంతవరకు బాగుగనే యున్నది. వానితోపాటు ప్లాస్టికు గుడ్డ, డక్ట్ టేపు అను జిగురుపట్టీ కూడ ఉండెను. విషవాయువు వ్యాపించినచో ఒక గది కిటికీలను, తలుపుసందులను వీనితో మూసి కొన్ని గంటలపాటు లోపల నుండవచ్చునని వారి యుద్దేశము.

ఈ మాట వెలువడినంతనే వాషింగ్టను, న్యూయార్కు ప్రాంతములలో జనులు ఇనుపసామానుల దుకాణములకు పరుగెత్తిరి. జిగురుపట్టీలు, ప్లాస్టికు చుట్టలు, నీటిసీసాలు అరలనుండి మాయమైనవి. కొందరు విషవాయువు జాడ ఎచ్చటను లేకుండగనే ఇంటి కిటికీలను మూసివేయుట కుపక్రమించిరి. మరికొందరు దీనినంతయు చూచి పకపక నవ్విరి. నవ్వినవారును, పరుగెత్తినవారును ఇరుగుపొరుగువారే. తుదకు ఫిబ్రవరి 14వ తేదీన రిడ్జ్ స్వయముగా విలేకరుల యెదుటికి వచ్చి, ఎవ్వరును ఇప్పుడే తలుపులను, కిటికీలను మూసివేయవలదని, వస్తువులను దగ్గర నుంచుకొనిన చాలునని వివరింపవలసి వచ్చెను. నెలాఖరున రంగు మరల పసుపునకు దిగెను. దాడి జరుగలేదు.

ఆ సలహా కేవలము నవ్వివేయదగినది కాదు. 1991 జనవరిలో ఇరాకు క్షిపణులు ఇజ్రాయెలు దేశముపై పడినపుడు అచ్చటి కుటుంబములు ఇట్టి గదులనే సిద్ధపరచుకొన్నవి. సైరను మ్రోగినపుడు లోనికి పోవలెను. రేడియోలో చెప్పినపుడు వెలుపలికి రావలెను. లోనికి పోవుటకు గుర్తు కలదు, వెలికి వచ్చుటకును గుర్తు కలదు. అమెరికా హెచ్చరికలో లోపించినది సరిగా నిదియే. అయినను అంత స్పష్టమైన హెచ్చరిక సైతము నష్టము కలుగజేయక మానలేదు. మొదటి దాడి జరిగిన జనవరి 18వ తేదీన ఇజ్రాయెలులో మరణములు సాధారణముకంటె హెచ్చుగా నుండెననియు, అందు ముఖ్యభాగము గుండెజబ్బు వలన కలిగినవనియు ఆ దేశపు వైద్యులు తరువాత లెక్కలు తీసి చూపిరి. వాయువునుండి రక్షించు ముసుగును సరిగా ధరింపనేరక ఊపిరాడక మరణించినవారును కొందరున్నారు.

హెచ్చరికకు వెల కూడ కలదు. నారింజరంగు ప్రకటించిన ప్రతిసారియు నగరముల పోలీసులు వంతెనలను, నీటి జలాశయములను, రైలుస్టేషనులను రేయింబవళ్లు కావలికాయవలెను. వారికి అదనపు గంటల వేతన మీయవలెను. ఇరాకు యుద్ధారంభమున, 2003 మార్చిలో, నగరములన్నియు కలిసి వారమునకు దాదాపు 7 కోట్ల డాలర్లు అదనముగా వెచ్చించుచున్నవని మేయర్ల సంఘము అంచనా వేసినది. రంగును మార్చువారు రాజధానిలో నుందురు. ధనము చెల్లించువారు ఊరూర నుందురు. ఈ విషయమై మేయర్లు సణుగుకొనుటలో వింత లేదు.

‘నాన్నా, పులి!’ అని ఊరక అరచి నవ్వుకొన్న పిల్లవాని కథ మన బాలబాలికలందరు ఎరిగినదే. పులి నిజముగా వచ్చిన నాడు ఎవ్వరును కదలలేదు. అమెరికా ప్రభుత్వమును పలువు రా పిల్లవానితో పోల్చిరి. ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. ఆ పిల్లవాడు పులి లేదని ఎరిగియే అరచెను. ప్రభుత్వమువారికి గూఢచారుల వలన ఏదో యొక సమాచారము వచ్చును. అది నిజమో కాదో వారికిని తెలియదు. వచ్చిన విధమును బయటపెట్టినచో తెచ్చినవాని ప్రాణమునకే ముప్పు. మరియొక చిక్కు గూడ నున్నది. కావలి పెరిగినదని చూచి కుట్రదారులు వెనుకకు తగ్గిరనుకొందము. అప్పుడు ఏమియు జరుగదు. హెచ్చరిక తప్పినందున జరుగలేదో, ఫలించినందున జరుగలేదో వెలుపలివారు నిర్ణయించు టెట్లు? తుఫాను రాని నాడు రాలేదని అందరికిని కనబడును. రాని దాడి కెవ్వరును సాక్షులు లేరు.

2004 ఆగష్టు 1వ తేదీన వేరొక విధమైన హెచ్చరిక వెలువడెను. ఈసారి దేశమంతటికిని గాక, న్యూయార్కు, దాని ప్రక్కనున్న న్యూజెర్సీ ఉత్తరభాగము, వాషింగ్టను — ఈ మూడింటనున్న ద్రవ్యసంస్థలకు మాత్రమే నారింజరంగు ప్రకటించిరి. న్యూయార్కు స్టాక్ ఎక్స్చేంజి, ప్రపంచబ్యాంకు మొదలగు భవనములను పేరు పేరునను చెప్పిరి. అంత స్పష్టముగా నున్నందున కాపలాదారులకు చేయవలసిన పని తెలిసినది. ఉద్యోగులు మరునాడు వరుసలలో నిలిచి, సంచులను సోదాకు ఇచ్చి, తమ తమ గదులకు పోయి పని చేసికొనిరి. ఇంతలో ఆ సమాచారములో ఎక్కువభాగము మూడు నాలుగేండ్ల నాటిదని బయటపడెను. అది అధ్యక్షుని ఎన్నికల సంవత్సరము. ప్రతిపక్షమువారి మహాసభ ముగిసి మూడు దినములే యైనది. అనుమానము పుట్టుటకు ఇంకేమి కావలెను?

అనుమానమునకు అంకెలు కొంత బలము నిచ్చినవి. కార్నెల్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్న రాబ్ విల్లర్ అనునతడు 2001 నుండి 2004 వరకు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలను పరిశీలించెను. ఉగ్రవాద హెచ్చరిక వెలువడిన తరువాతి వారమున అధ్యక్షుడు బుష్ పట్ల ప్రజల మెప్పు సగటున 2.75 శాతము హెచ్చుచుండెనని ఆయన కనుగొనెను. భయపడినవారు నాయకుని చుట్టును చేరుదురు. ఇది ఆ దేశమునకే పరిమితమైన గుణము కాదు. మెప్పు పెరిగినదన్నంత మాత్రమున మెప్పుకొరకే హెచ్చరించిరని ఋజువు కాదు. పదవి విడిచిన పిమ్మట 2005లో రిడ్జ్ తన శాఖ పలుమారులు రంగును పెంచుటకు ఇష్టపడలేదని చెప్పెను. 2009లో ప్రకటించిన తన జ్ఞాపకములలో, 2004 ఎన్నికలకు కొలది దినముల ముందు రంగు పెంచవలెనని సహచరులు కొందరు కోరినపుడు అది భద్రతకా, రాజకీయమునకా అని తనకు సంశయము కలిగినదని వ్రాసెను. ఆ దినమున రంగు పెంచలేదు.

ఒకే రంగు అందరి కన్నులకును ఒకే తీరున కనబడలేదు. లాస్ ఏంజెలీసు ప్రాంతమున 2004, 2005 సంవత్సరములలో వైద్యపరిశోధకులు కొందరు ప్రజలను ప్రశ్నించిరి. మనోవ్యాధి గలవారు, అంగవైకల్యము గలవారు, నల్లజాతివారు, లాటిన్ అమెరికా సంతతివారు, చైనా కొరియా దేశములనుండి వచ్చినవారు, పౌరసత్వము లేనివారు — వీరు అపాయస్థాయి అసలున్న దానికంటె ఎక్కువగా నున్నదని భావించుటయు, భయముచే రాకపోకలు మానుకొనుటయు తక్కినవారికంటె హెచ్చుగా నుండెను. హెచ్చరిక ఎవరిని కాపాడవలెనో ఆ బలహీనులనే అది ఎక్కువగా బాధించినది. అప్రమత్తతకు వేరొక ముఖము కూడ కలదు. 2001 సెప్టెంబరు 15న, రంగుల పద్ధతి ఇంకను పుట్టకమునుపే, అరిజోనా రాష్ట్రమున తలపాగాను చూచి శత్రువని భ్రమించి ఒకడు పెట్రోలు బంకు యజమానియైన సిక్కు నొకనిని కాల్చిచంపెను. ఇరుగుపొరుగును కనిపెట్టి చూడుడని ప్రభుత్వము చెప్పినపుడెల్ల భారతదేశమునుండి వెళ్లి స్థిరపడినవారికి ఈ సంగతి గుర్తునకు రాక తప్పదు.

బ్రిటనులో 2006 ఆగష్టు 1వ తేదీనుండి అపాయస్థాయిని ప్రజలకు తెలుపుచున్నారు. అచ్చటను మెట్లు అయిదే. కాని రంగులు లేవు, మాటలున్నవి. స్థాయిని నిర్ణయించునది మంత్రులు గాక నిపుణుల సంఘము. అన్నిటికంటె పైమెట్టును ఎక్కువకాల ముంచరు. 2017 మే నెలలో మాంచెస్టరు నగరమున బాంబుదాడి జరిగిన మరునాడు పైమెట్టునకు పెంచి, సైనికులను కావలికి దింపి, నాలుగు దినములకు తగ్గించిరి.

అమెరికాలో నట్లు జరుగలేదు. 2006 ఆగష్టు 10వ తేదీన లండనునుండి వచ్చు విమానములను ద్రవరూప ప్రేలుడు పదార్థములతో కూల్చు కుట్ర బయటపడినపుడు, ఆ విమానములకు ఎరుపు ప్రకటించిరి. ఎరుపు కనబడిన దా యొక్కసారియే. మూడు దినములకది నారింజకు దిగెను. అటుపిమ్మట విమానయానమునకు నారింజ నారింజగనే యుండిపోయెను. ఆకుపచ్చ, నీలము దేశమంతటికిని ఒక్కనాడైనను ప్రకటింపబడలేదు. తగ్గించిన మరునాడు దాడి జరిగినచో నింద ఎవరు మోయుదురు? పెంచుటకు సమాచారము చాలును. తగ్గించుటకు ధైర్యము కావలెను.

2009లో భద్రతాశాఖ మంత్రి జానెట్ నపాలిటానో ఈ పద్ధతిని విచారించుట కొక సంఘమును నియమించెను. ప్రజలు హెచ్చరికను పట్టించుకొనుట మానిరనియు, కొందరు దానిపై నమ్మకమునే కోల్పోయిరనియు ఆ సంఘము తెలిపెను. 2011 ఏప్రిలు 26వ తేదీతో రంగులు రద్దైనవి. క్రొత్త పద్ధతిలో రెండే స్థాయిలు. అపాయమెట్టిదో, ఎవరికో, ఏమి చేయవలెనో వీలైనంతవరకు చెప్పవలెను. హెచ్చరిక యే దినముతో ముగియునో దానిలోనే వ్రాయవలెను. ఆ దినము రాగానే అది తనంత తాను రద్దగును. ఈ నియమములకు భయపడియో యేమో, 2015 వరకు ఒక్క హెచ్చరికయు వెలువడలేదు! అందువలన ఆ సంవత్సరము డిసెంబరులో అంతకంటె తేలికయైన ‘బులెటిన్’ అను మూడవ రకమును చేర్చిరి.

విమానాశ్రయములలో అపాయస్థాయి నారింజయని యంత్రము పలికెడి ప్రకటనను ప్రయాణికులు నాలుగేండ్ల యెనిమిది నెలలు వినిరి. 2011లో ఆ యంత్రము మాట మానినది.