కెమేరా ఇప్పుడే కొనాలా? ఆగాలా?

మీ బడిలో సైన్సు క్లబ్బు వుందనుకోండి. పాత కాగితాలు అమ్మీ, తలా కొంత వేసుకునీ డబ్బు పోగుచేశారు. డిజిటల్ కెమేరా కొనాలని అందరూ ఒప్పుకున్నారు. కాని ఎప్పుడు కొనాలనే దగ్గర తగవు వచ్చింది.

"ఇప్పుడే కొందాం. మున్నేటి ఒడ్డున పక్షులనూ, మిరపచేలలో ఆకుముడతనూ ఫొటోలు తీద్దాం" అంటాడు నందిగామ కుర్రవాడు.

"తొందరెందుకురా? వచ్చే యేటికి ఇంతకన్నా మంచిది, ఇంతకన్నా చౌకగా వస్తుంది" అంటాడు జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చే అతని స్నేహితుడు.

ఇద్దరిలో ఎవరి మాట సరైనది? తీర్పు చెప్పేముందు కెమేరా లోపల ఏముందో చూద్దాం.

వానలో పెట్టిన గిన్నెలు

వాన కురుస్తున్నప్పుడు పెరట్లో వరుసగా గిన్నెలు పెట్టారనుకోండి. వాన వెలిశాక ఏ గిన్నెలో ఎంత నీరు పడిందో కొలిచి రాసుకుంటే, పెరట్లో ఎక్కడ ఎంత వాన పడిందో ఒక పటం తయారవుతుంది. డిజిటల్ కెమేరా చేసే పని ఇదే. ఇక్కడ కురిసేది నీరు కాదు, వెలుతురు. గిన్నెల స్థానంలో సిలికాన్ పలక మీద అతి చిన్న గళ్ళు వుంటాయి. ఆ పలకను సెన్సార్ అనీ, ఒక్కొక్క గడిని పిక్సెల్ అనీ అంటారు. కాంతి కణం, అంటే ఫోటాన్, సిలికాన్‌ను తాకితే ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లు చేరాయో లెక్కపెట్టి అంకెలుగా రాసుకుంటే అదే బొమ్మ.

పటంలో 4000 నిలువు వరుసలు, 3000 అడ్డ వరుసలు వుంటే మొత్తం గళ్ళు 1 కోటి 20 లక్షలు. దుకాణంలో చెప్పే "12 మెగాపిక్సెళ్ళు" ఇవే. గళ్ళు ఎక్కువైనకొద్దీ బొమ్మ బాగుంటుందా? అక్కడే చాలామంది పొరబడతారు. 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు వున్న ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే కావలసినవి 1200 × 1800, అంటే 21 లక్షల 60 వేల చుక్కలు మాత్రమే.

గళ్ళ సంఖ్యతో పాటు గడి పరిమాణమూ ముఖ్యమే. వెలుతురు కూడా వానచినుకుల్లాగే విడివిడిగా పడుతుంది. ఒక గడిలో సగటున 100 కణాలు పడాలంటే, ఒకసారి 90, ఒకసారి 110 పడవచ్చు. సగటుకు వర్గమూలమెంతో ఇంచుమించు అంత తేడా వస్తుంది. 100కు వర్గమూలం 10. నూటికి పది వంతుల తప్పు. అదే 10,000 కణాలు పడితే తేడా 100. నూటికి ఒక్క వంతే. మసక వెలుతురులో తీసిన ఫొటో ఇసక చల్లినట్లు కనిపించడానికి కారణం ఇదే.

కొన్ని ఫోన్లలోని సెన్సార్ సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల ఎత్తు వుంటుంది. లెన్సు మార్చుకోగల అనేక కెమేరాలలో అది సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల ఎత్తు. వైశాల్యం లెక్కవేయండి: 16 రెట్లు! గిన్నె పెద్దదైతే నీరు ఎక్కువ పడదూ?

ఆగినవాడే గెలిచిన కాలం

1975లో అమెరికాలోని కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమేరాను తయారుచేశాడు. దానిలో వున్నవి 10,000 పిక్సెళ్ళు. ఒక నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. 1991లో అదే కంపెనీ అమ్మిన కెమేరాలో సుమారు 13 లక్షల పిక్సెళ్ళు. ధర 20 వేల డాలర్ల పైమాటే. 2003లో 63 లక్షల పిక్సెళ్ళ కెనన్ కెమేరా వెయ్యి డాలర్లలోపే దొరికింది. పన్నెండేళ్ళలో గళ్ళు దాదాపు అయిదు రెట్లయ్యాయి, ధర ఇరవయ్యో వంతుకు పడిపోయింది!

ఆ రోజుల్లో జగ్గయ్యపేట కుర్రవాడిది తిరుగులేని వాదన. మరి ఇప్పుడో?

ఇప్పుడు పరుగు నెమ్మదించింది. నేటి మంచి సెన్సార్లు తమ సిలికాన్‌ను చేరిన కాంతి కణాలలో సగానికి పైగా ఎలక్ట్రాన్లుగా మార్చగలుగుతున్నాయి. సగం పట్టేదాన్ని ఎంత మెరుగుపరచినా రెట్టింపును మించదు కదా! పడని చినుకును ఏ గిన్నె పట్టగలదు? వర్గమూలం లెక్క ప్రకృతి పెట్టిన హద్దు. ఏ కంపెనీ దాన్ని చెరపలేదు. అందుకే ఇప్పటి మార్పులు ఎక్కువగా వేరే వైపు సాగుతున్నాయి. వెంటవెంటనే అనేక ఫొటోలు తీసి, కలిపి, ఒక్కటిగా చేసే లెక్కలు వాటిలో ఒకటి.

పైగా ఫోన్లు వచ్చి కెమేరాల బజారునే మార్చేశాయి. జపాన్ కంపెనీలు 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు పంపిణీ చేశాయి. 2020లో ఆ సంఖ్య 90 లక్షలు కూడా లేదు. అమ్మకాలు ఇంత తగ్గినప్పుడు ధర ఏటేటా పాతకాలంలాగే పడుతుందని నమ్మి కూర్చోలేం.

ఆగితే పోయేదేమిటి?

జగ్గయ్యపేట వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేర పెట్టిన వూరు. ఆ వూరి దగ్గర బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించేనాటికే చాలా రాళ్ళను కట్టడాలకు తరలించుకుపోయారు. అలా పోయిన పలకల మీద ఏ బొమ్మలు వుండేవో మనకు తెలియదు. అమరావతి స్తూపం కథ కొంత నయం. కాలిన్ మెకంజీ 1816 తరువాత అక్కడి శిల్పాలకు బొమ్మలు గీయించాడు. తరువాత పోయిన కొన్ని శిల్పాల రూపం ఆ బొమ్మల వల్లనే నిలిచింది.

1858లో లినేయస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలోని అమరావతి రాళ్ళను ఫొటోలు తీశాడు. ఆనాటి కెమేరా మోటుది, రంగులు లేవు. "మంచి కెమేరా రానీ, అప్పుడు చూద్దాం" అని అతడు అనుకోలేదు. 1859లో వాటిలో చాలా రాళ్ళను లండనుకు పంపించేశారు!

మన కాలంలోనూ అంతే. 2023 జూలైలో మున్నేరు పొంగి, ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీరు వచ్చి వాహనాలు నిలిచిపోయాయి. నీరు ఎంతవరకు వచ్చిందో చూపే ఫొటో ఆ రోజు తీస్తేనే వుంటుంది. (వరద దగ్గరికి మాత్రం వెళ్ళకండి, దూరంగా, ఎత్తున నిలబడి తీయాలి.)

లెక్క వేద్దాం

కెమేరా ధర ఇవాళ రూ. 24,000 అనుకుందాం. ఏడాది ఆగితే రూ. 20,000కు వస్తుందనుకుందాం. ఆగితే మిగిలేది రూ. 4,000. మీరు ఏడాదిలో 40 రోజులు దాన్ని వాడేవారైతే, ఒక్కొక్క రోజుకు పడే ఖర్చు రూ. 100. రెండు రోజులే వాడేవారైతే రోజుకు రూ. 2,000! మొదటివారు ఇప్పుడే కొనవచ్చు. రెండోవారు ఆగడమే మేలు. కెమేరా ఒకటే, ధర ఒకటే. అయినా జవాబులు రెండు.

మరి మీరు ఎన్ని రోజులు వాడతారో ముందుగా తెలిసేదెలా? ఇలా చేయండి. ఒక నెలపాటు ఇంట్లో పెద్దలనడిగి వారి ఫోనుతోనే ఫొటోలు తీయండి. ఒక నోటుపుస్తకంలో తేదీ, తీసిన వస్తువు, ఫొటో పనికివచ్చిందా లేదా రాయండి. రాకపోతే కారణం కూడా రాయండి. ఆకుముడత స్పష్టంగా కనిపిస్తుంటే ఫోనే చాలు. ఏటి మధ్య కొంగ తెల్లచుక్కలా వుంటే దూరాన్ని దగ్గరచేసే లెన్సు కావాలి. సాయంకాలపు ఫొటోలన్నీ ఇసక చల్లినట్లుంటే పెద్ద సెన్సార్ కావాలి. నెల తిరిగేసరికి పుస్తకంలో నాలుగు వరుసలే వున్నాయా? అయితే డబ్బు దాచుకోండి.

అన్నట్టు, కొత్తదే కొనాలని ఎక్కడుంది? కొన్నేళ్ళ కిందటి కెమేరాను తెలిసినవారి దగ్గర పరీక్షించి కొంటే ధర బాగా తగ్గుతుంది. సెన్సార్ పెద్దదైతే పాతబడినా పెద్ద గిన్నె పెద్ద గిన్నే!

ఇక తీర్పు. అలలు ఆగాక సముద్రస్నానం చేద్దామనేవాడు ఎన్నటికీ స్నానం చేయడు; అందుచేత నందిగామ కుర్రవాడి మాటలో నిజముంది. అవసరం తెలియకుండా కొన్న కెమేరా బీరువాలోనే వుండిపోతుంది. అందుచేత జగ్గయ్యపేట కుర్రవాడి మాటనూ కొట్టిపారేయలేం. వారి తగవు తీర్చవలసింది దుకాణదారు కాదు, ఆ నోటుపుస్తకం. మీ పుస్తకం ఏం చెబుతోంది?