ముందు ఆ చేతులు చూడండి

డిజైన్ థింకింగ్ అంటే ఏమిటని అడిగితే మన ఇంజినీరింగ్ పిల్లలు అయిదు గళ్ల బొమ్మ గీసి చూపిస్తారు. పలాస జీడి వ్యాపారులేమో "ప్యాకెట్ మీద లేబుల్ మార్చడమేనా?" అంటారు. ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. డిజైన్ థింకింగ్ అసలేమిటో మా మందసలో ఒక రేషన్ దుకాణం ముందు నాకు అర్థమైంది.

జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్లే ఓ పెద్దావిడ వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టింది. ముద్ర పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. బొటనవేలు పెట్టి చూసింది. "ఏటి సేస్తాం బాబూ, జీడి తినేసింది" అంది. వేళ్ల కొసలు నల్లబడి, నున్నగా ఉన్నాయి. పిక్క పెంకులో తేనెపట్టు లాంటి అరలుంటాయి. వాటినిండా జీడి నూనె. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాల్చి పొరలుపొరలుగా ఊడగొడతాయి. ఏళ్ల తరబడి అదే పనైతే వేలి గీతలే అరిగిపోతాయి. ఆ మిషన్ చేసినవాళ్లు తెలివైనవాళ్లే. ఇలాంటి వేళ్లు ఉంటాయని వాళ్లకు తెలియదు, అంతే.

వస్తువు తయారుచేసే ముందు, దాన్ని వాడే మనిషి పక్కన కూర్చోవడమే డిజైన్ థింకింగ్. చూడటం, సమస్యను సరిగ్గా చెప్పుకోవడం, పది ఉపాయాలు ఆలోచించడం, చవకగా ఒక నమూనా కట్టడం, వాడేవాళ్ల చేతికిచ్చి చూడటం: ఇవే ఆ అయిదు గళ్లు. అమెరికాలో ఐడియో సంస్థ, స్టాన్‌ఫర్డ్ డి-స్కూల్ దీనికి పేరు తెచ్చాయి. మనకు మాత్రం జీడి పిక్కతో చెప్పుకుంటే సులువు.

పచ్చి పిక్కను నేరుగా కొడితే పప్పు చితుకుతుంది, జీడి చేతికంటుతుంది. అందుకే ముందు ఎండబెట్టి, తర్వాత కాలుస్తారు లేదా ఆవిరి పట్టిస్తారు. మనుషులు మొదట చెప్పే సమస్య కూడా పచ్చి పిక్కే. ఉదాహరణకు "తొడుగులిచ్చినా ఆడవాళ్లు వేసుకోరు, అవగాహన లేదు" అనే మాట తీసుకోండి. ఒక పూట పక్కన కూర్చుంటే ఆ పెంకు దానంతటదే విచ్చుకుంటుంది. కూలి కిలోల లెక్కన. మందపాటి తొడుగుతో పిక్క మీద పట్టు చిక్కదు, చేయి నెమ్మదిస్తుంది. గుండు రావలసినచోట బద్ద వస్తుంది, బద్దకు ధర తక్కువ. అప్పుడు ప్రశ్నే మారిపోతుంది: "చేతి వేగం తగ్గకుండా చర్మాన్ని ఎలా కాపాడాలి?" అసలు పప్పు ఇదే. పప్పు మీది పొర తీయడం నమూనా కట్టడం లాంటిది. నొక్కితే విరుగుతుంది, ఓపిక కావాలి. చివరి గ్రేడింగే పరీక్ష. 320 రకం అంటే పౌనుకు దాదాపు 320 గుండ్లు తూగాలి. తూకం ఎవరి మొహమాటానికీ లొంగదు.

ఇది పరదేశపు విద్య అనుకునేవాళ్లు ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశాన్ని తలుచుకోవాలి. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చేత్తో తిప్పాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పి పడుతుంటే చూసి, బడి మధ్యలో మానేసిన ఆ కొడుకు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. ఒక్కో కదలికే సాధిస్తూ 1999లో పూర్తిచేశాడు. తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఇంట్లో మొదట గమనించింది ఒక భుజాన్ని.

2007లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు చవకైన ఇంక్యుబేటర్ చేయమని పని అప్పగించారు. వాళ్లలో ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. నెల తక్కువ బిడ్డలు కరెంటు లేని పల్లెల్లో చలికి పోతున్నారు. దాంతో ప్రశ్న మార్చుకుని, మైనం సంచితో వెచ్చగా ఉంచే చిన్న పొత్తిగుడ్డ లాంటిది చేశారు. ఎంబ్రేస్ అలా పుట్టింది.

వ్యాపారం తగ్గితే మనవాళ్లు వాస్తు చెప్పేవారిని పిలిచి గల్లాపెట్టె జరుపుతారు. గల్లాపెట్టెకు దిక్కులు తెలియవు. రావడం మానేసిన ఖాతాదారుడి ఇంటికి వెళ్లి, "ఎందుకు రావడం లేదు బాబూ?" అని అడిగితే సగం జవాబు దొరుకుతుంది.

చదువుల్లోనూ అంతే. 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. త్రీడీ ప్రింటర్లు, రోబో కిట్లు మంచివే. అయితే కిట్టు ముందొచ్చి, మనిషి తర్వాతొస్తే పిల్లలు ఎవరికీ అక్కర్లేని బొమ్మలు చేస్తారు. మందస, పలాస, టెక్కలి బడుల్లో ఏడాదికి ఒక్కరోజు పిల్లల్ని జీడి కార్ఖానాకు తీసుకెళ్లండి. పనికి కాదు, చూడటానికి. అమ్మ ఎప్పుడు నడుం నిమురుకుంటుంది? చేతులకు బూడిద ఎందుకు రాసుకుంటుంది? ఇవన్నీ రాసుకుని రమ్మనండి. మార్కులు ఆ ప్రశ్నలకే వేయండి.

ఆ రాత్రి అన్నం కలుపుతున్న తల్లిని ఒక పిల్ల, "అమ్మా, ముందుగా ఏ వేలు మండుతుంది?" అని అడిగితే చాలు. ఆ ఇంట్లో డిజైన్ మొదలైనట్టే.