మీకు తెలుసా? పాత ఎంజీబీకి సరికొత్త బాడీ

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారుకు కొత్త బాడీ ఇప్పుడూ దొరుకుతుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ నాటి అసలు అచ్చులను సేకరించి, 1988లో బాడీల తయారీ మళ్లీ మొదలుపెట్టింది. ఎంత మంచి పని!

ఈ కారుకు అసలు శత్రువు తుప్పు. దీనికి విడిగా ఛాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. అందుకే తలుపుల కింద ఉండే సిల్స్ తుప్పు పట్టాయంటే పైపూతతో సరిపెట్టకూడదు. కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. కోసే ముందు బండికి కింద సరైన ఆనికలు పెట్టకపోతే బాడీ మధ్యలో కుంగి, తలుపులు బిగుసుకుపోతాయి.

యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ తడబడుతోందా? ఖరీదైన రిపేరు అనుకునే ముందు ఎస్‌యూ కార్బొరేటర్ల నెత్తిన ఉన్న మూతలు విప్పి చూడండి. లోపలి డ్యాంపర్‌లో నూనె తగ్గితే పిస్టన్ మరీ వేగంగా లేచి, పెట్రోలు పాలు తగ్గిపోతుంది. పల్చటి ఇంజన్ ఆయిల్ కాస్త పోస్తే చాలు. మూత తిరిగి దించేటప్పుడు చేతికి కొంచెం ఎదురుబలం తగిలితే నూనె సరిపోయినట్టే. ఇంటి ముందే, పదినిమిషాల్లో అయిపోతుంది.

ఇంకో జాగ్రత్త: 1967 వరకూ వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. ఇప్పటి కార్లకు ఇది పూర్తిగా తిరగేసిన పద్ధతి. చూసుకోకుండా కొత్త రేడియో బిగిస్తే అది కాలిపోవచ్చు.